దుబాయ్ నుంచి ఇంటికి: పెట్టె ఎలా సర్దాలి?

జగిత్యాల తమ్ముడు:
మూడేళ్ల తర్వాత వచ్చే నెల ఇంటికి వస్తున్నాను. టికెట్‌లో 30 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు ఇచ్చారు. అమ్మకు మందపాటి కంబళి, చెల్లెలి పిల్లలకు పాలపొడి, చాక్లెట్లు, నాలుగు అత్తరు సీసాలు, ఐదు కిలోల ఖర్జూరాలు కొన్నాను. అట్టపెట్టె చాలా, సూట్‌కేసు కొనాలా? అన్నలు చెప్పండి.

సిరిసిల్ల అన్న:
అట్టపెట్టె చాలు తమ్ముడూ. కాకపోతే ఉబ్బకుండా చదునుగా సర్దు. దుబాయ్ విమానాశ్రయంలో గుండ్రటి మూటలను, ఒక్క వైపైనా చదునుగా లేని సామానును 2017 నుంచి ఒప్పుకోవడం లేదు. నేను కంబళిని మూటగా చుట్టి తీసుకెళ్లాను. కౌంటరు దగ్గర వెనక్కి పంపారు. నేల మీదే అంతా విప్పి, పెట్టె కొని, మళ్లీ సర్దేసరికి గంట పట్టింది. ఆ కంగారు ఎవరికీ వద్దు. పెట్టె పైన పేరు, ఊరు, మండలం, ఇంటి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాయి. శంషాబాద్‌లో దిగాక మనవాళ్ల పెట్టెలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

హన్మకొండ అక్క:
అత్తరు జాగ్రత్త తమ్ముడూ. మా నాన్న మస్కట్ నుంచి వచ్చినప్పుడు ఒక సీసా మూత వదులై, ఖర్జూరాలకంతా ఆ వాసన పట్టింది. నాన్న మోసుకొచ్చారని వాటినే వారం రోజులు తిన్నాం. మూత చుట్టూ టేపు వేసి, ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి, మేజోడులో దూర్చి, కంబళి మడతల నడుమ పెట్టు. ఖర్జూరాలు వేరే మూల ఉండాలి. చేతి సంచిలోనైతే 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను తీసేస్తారు.

నిజామాబాద్ అన్న:
పవర్ బ్యాంకు పెట్టెలో వేయకు, చేతి సంచిలోనే ఉంచు. పెట్టెలో దొరికితే విప్పిస్తారు. చెల్లెలికి బంగారం కొంటే బిల్లు దగ్గర పెట్టుకో. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల నగల వరకు సుంకం మినహాయింపు ఉంది. బిస్కెట్లు, నాణేలు అందులోకి రావు.

జగిత్యాల తమ్ముడు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి గదిలో కాటాకు తగిలించి చూస్తే 31 కిలోల 400 గ్రాములు వచ్చింది. నా బూట్లు, రెండు ప్యాంట్లు పక్క మంచం మిత్రుడికి ఇచ్చేశాను. ఇప్పుడు 29 కిలోల 600 గ్రాములు. కంబళి మాత్రం తీయలేదు.