క్రికెట్టుకూ కీచురాయికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో క్రికెట్ అంటే ఆటే కాదు, కీచురాయి కూడా. మా అమ్మాయి నిఘంటువులో రెండు అర్థాలూ చూసి, "పురుగు పేరు ఆటకెందుకు పెట్టారు?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు:
చుట్టరికం లేదండీ. రెండూ వేరువేరు మాటలు, పలకడంలో కలిసిపోయాయంతే. పురుగు పేరు చప్పుడు నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో 'క్రికే' అంటే కిర్రుమనడం. కీచుమనేదాన్ని మనం కీచురాయి అన్నట్టే వాళ్లూ చెవికి వినబడిందే పేరుగా పెట్టుకున్నారు.

ఆట పేరు మాత్రం కర్ర నుంచి వచ్చిందే అనిపిస్తుంది. పండితులు ఇంకా ఒక్కమాట మీదికి రాలేదు. పాత ఇంగ్లీషులో ఊతకర్రకున్న పేరు నుంచి అని కొందరు, పాత డచ్చిలో కర్రను 'క్రిక్' అనేవారు కాబట్టి అక్కడి నుంచి అని కొందరు అంటారు. ఆట మొదట కనబడేది ఇంగ్లండు ఆగ్నేయ మూలన, సర్రే, సస్సెక్స్, కెంట్‌లలో. ఆ ప్రాంతానికి సముద్రం అవతల డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్‌తో వ్యాపారం బాగా సాగేది. అందుకే నా మొగ్గు డచ్చి వైపు.

మాట కాగితం మీదికి ఎక్కిన తీరు చూడండి. సర్రేలోని గిల్డ్‌ఫర్డ్‌లో ఒక స్థలం మీద తగాదా కోర్టుకెక్కింది. 1597 నాటి దస్తావేజు అది (ఇప్పటి క్యాలెండర్ లెక్కలో 1598). దాదాపు 59 ఏళ్ల జాన్ డెరిక్ సాక్ష్యం చెబుతూ, తను బడిలో చదివే రోజుల్లో తోటి పిల్లలతో కలిసి ఆ స్థలంలోనే 'క్రెకెట్' ఆడేవాళ్లమన్నాడు. అంటే ఆట కనీసం 1550 నాటికే ఉంది. గొప్ప మ్యాచ్ గురించి ఎవరూ రాయలేదు, ఒక ముసలాయన చిన్ననాటి జ్ఞాపకం స్థలం గొడవలో సాక్ష్యమైంది. ఆ 'క్రెకెట్' అనే వర్ణక్రమం చూసినప్పుడల్లా ఆయన గొంతు వినబడినట్టే ఉంటుంది నాకు.

మరో ప్రశ్న:
బాగుందండీ. కానీ బ్యాట్ వెడల్పాటి చెక్క కదా, ఊతకర్రతో ఏం పోలిక?

జవాబు:
అప్పుడు బ్యాట్ ఇలా లేదు. 1611లో ర్యాండల్ కాట్‌గ్రేవ్ తన ఫ్రెంచి-ఇంగ్లీషు నిఘంటువులో 'క్రాస్' అనే ఫ్రెంచి మాటకు అర్థం చెబుతూ, పిల్లలు క్రికెట్ ఆడే వంకర కర్ర అని రాశాడు. బంతిని నేల మీద దొర్లించేవారు కాబట్టి హాకీ కర్రలా కొస వంగి ఉంటేనే అందేది. 1760ల నుంచి బౌలర్లు బంతిని గాల్లోకి వదిలి పిచ్ మీద పడేసి లేపడం మొదలుపెట్టారు. దాంతో వంకర పోయి బ్యాట్ నిటారైంది. 1771లో థామస్ వైట్ అనే ఆటగాడు ఏకంగా వికెట్టంత వెడల్పున్న బ్యాట్‌తో దిగాడు. ఆ దెబ్బతో వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదని నియమం పెట్టారు. ఇప్పటికీ అదే కొలత.

మూడో వ్యక్తి:
వికెట్ సంగతి కూడా చెప్పండి. "వికెట్ పడింది" అంటాం, "వికెట్ బౌలింగ్‌కి బాగుంది" అనీ అంటాం.

జవాబు:
ఇంగ్లీషులో వికెట్ అంటే చిన్న తలుపు, పెద్ద గేటులోనో దాని పక్కనో ఉండేది. మన 'దిడ్డి' అన్నమాట. మొదట్లో రెండే స్టంపులు, పైన అడ్డంగా బెయిల్ అనే ఒక చిన్న పుల్ల, అచ్చం దిడ్డివాకిలే. 1775లో లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో లంపీ స్టీవెన్స్ వేసిన బంతి, జాన్ స్మాల్ బ్యాటింగ్ చేస్తుండగా ఆ రెండు స్టంపుల మధ్య నుంచి మూడుసార్లు దూసుకుపోయింది. బెయిల్ పడలేదు, ఆయన అవుట్ కాలేదు. ఆ అన్యాయం చూశాకే మూడో స్టంపు వచ్చింది. పేరు మాత్రం వాకిలిదే మిగిలిపోయింది, తర్వాత పిచ్‌కీ, అవుట్‌కీ పాకింది.

మాటలు పోవడమూ ఉంది. పరుగును ఒకప్పుడు 'నాచ్' అనేవారు, అంటే గాటు. స్కోరు రాసే మనిషి కర్ర మీద కత్తితో గాటు పెడుతూ లెక్కపెట్టేవాడు మరి. లెక్క కాగితం మీదికి మారాక గాట్లు పోయి రన్లు మిగిలాయి. మనం తెలుగులోకి తెచ్చుకుని 'పరుగు' చేసుకున్నది ఆ మిగిలిన మాటనే.