వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నారు కదా, ఆ హోమ్ గుంటూరు కావచ్చా?

గుంటూరు కొత్తబ్బాయి (యార్క్‌షైర్) – 9 డిసెంబర్ 2021, గురువారం

అందరికీ నమస్కారం. నవంబర్ మొదట్లో ఇంగ్లండ్ వచ్చి ఇక్కడ ఒక యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరాను. స్కిల్డ్ వర్కర్ వీసా. నిన్న ఇక్కడి ప్రధాని కోవిడ్ కట్టడికి ప్లాన్ బి ప్రకటించారు కదా, సోమవారం 13 నుంచి వీలైనవాళ్లంతా ఇంటి నుంచే పని చేయమని. నా లెక్చర్లు రెండూ ఎలాగూ టీమ్స్‌లోనే నడుస్తున్నాయి, ఒక్క సెమినార్ మాత్రం క్లాసులో. టర్మ్ 17తో అయిపోతుంది. ఈ శనివారమే ఫ్లైటెక్కేసి ఆ చివరి వారం పాఠాలు గుంటూరు నుంచి చెప్పేస్తే ఏమవుతుంది? మా ఇంట్లో క్రిస్మస్ పెద్ద పండగ. సెమీ క్రిస్మస్‌లు అప్పుడే మొదలయ్యాయి. చర్చి కుర్రాళ్లు నక్షత్రం పట్టుకుని ఇల్లిల్లూ కేరల్స్‌కి తిరుగుతుంటే అమ్మ వీడియో కాల్‌లో చూపించి మరీ ఏడిపిస్తోంది.

ఇంకో సంగతి. 16న డిపార్ట్‌మెంట్ క్రిస్మస్ లంచ్ ఉంది. ఇష్టమైతేనే రమ్మని హెడ్ మెయిల్ పెట్టారు. అంటే నిజంగా ఇష్టమైతేనేనా? కొత్తగా చేరి ఎగ్గొడితే ఏమైనా అనుకుంటారా? ఒమిక్రాన్ గొడవ చూస్తే కొంచెం టెన్షన్‌గానే ఉంది.

మాంచెస్టర్ అక్క – 9 డిసెంబర్

తమ్ముడూ, మొదటిదానికి జవాబు కుదరదనే. వాళ్లన్న హోమ్ ఈ దేశంలో నువ్వుంటున్న ఇల్లే. ఇండియాలో కూర్చుని ఇక్కడి ఉద్యోగం చేయాలంటే హెచ్ఆర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వాళ్లకు టాక్స్ తలనొప్పి, వీసా స్పాన్సర్‌గా హోమ్ ఆఫీస్‌కి జవాబు చెప్పుకోవాల్సిన తలనొప్పి. చెప్పకుండా వెళ్తే పదో రోజుకో ఎప్పుడో బయటపడక మానదు. టీమ్స్ కాల్‌లో వెనకాల కాకులు అరుస్తుంటే యార్క్‌షైర్ అంటే ఎవరు నమ్ముతారు? పైగా ఇంటి నుంచి పని అనేది ఆఫీసు పనికే, క్లాసులో చెప్పాల్సిన పాఠాలు క్లాసులోనే జరుగుతాయని చెప్పేశారు. నీ సెమినార్‌కి నువ్వు ఉండాల్సిందే.

సరే, సెలవు పెట్టి 18న బయలుదేరావనుకుందాం. లెక్క నువ్వే వేసుకో. యూకే ఇప్పుడు ఇండియా దృష్టిలో రిస్క్ దేశం. ఎక్కేముందు 72 గంటల లోపు ఆర్‌టీపీసీఆర్, ఎయిర్ సువిధ ఫారం (ఇండియా వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపేది), దిగాక ఎయిర్‌పోర్టులో ఇంకో టెస్టు, నెగెటివ్ వచ్చినా 7 రోజులు హోమ్ క్వారంటైన్, ఎనిమిదో రోజు మళ్లీ టెస్టు. 19న దిగితే క్రిస్మస్ నాడు నువ్వు గదిలో ఉంటావు, మీ అమ్మగారు కేకు తలుపు దగ్గర పెట్టి వెళ్తారు. తిరిగి వచ్చేటప్పుడు విమానం ఎక్కే ముందు 2 రోజుల లోపు టెస్టు, ఇక్కడ దిగాక రెండో రోజు లోపు పీసీఆర్, అది నెగెటివ్ వచ్చేదాకా గడప దాటకూడదు. మధ్యలో ఎక్కడ పాజిటివ్ వచ్చినా జనవరి పరీక్షల మార్కింగ్ ఎవరు చేస్తారు?

వీలైతే ఈస్టర్‌కి పెట్టుకో. లంచ్ సంగతి రేపు రాస్తాను, పిల్లల్ని పడుకోబెట్టాలి.

లెస్టర్ బాబాయ్ – 10 డిసెంబర్

బాబూ, ఫ్లైట్లు, లంచ్‌లు తర్వాత. నువ్వు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. సెలవులకి ముందు ఇంటిని వెచ్చగా ఉంచే బాయిలర్ సర్వీస్ అయిందా? అవ్వకపోతే ఇవాళే అద్దె ఏజెంట్‌కి మెయిల్ పెట్టు. ఫోన్ కాదు, మెయిల్.

నా కథ విను. డిసెంబర్ 2020. దేశంలో మొట్టమొదటి లోకల్ లాక్‌డౌన్ మా ఊరిదే, జూన్ ఆఖర్లో మొదలైంది. అప్పటి నుంచి ఏదో ఒక ఆంక్షలోనే ఉన్నాం. డిసెంబర్‌లో టియర్ 3, అంటే గట్టి ఆంక్షల స్థాయి. క్యాంపస్ మూగబోయింది. పిల్లల్ని 9వ తేదీ లోపు వారివారి ఊళ్లకు పంపేశారు, మిగిలిన పాఠాలన్నీ ఆన్‌లైన్. సరిగ్గా ఆ వారమే మా బాయిలర్ పడుకుంది. ఎర్ర లైటు మిణుకుమిణుకుమనడం, రేడియేటర్లు మంచుగడ్డల్లా అవడం. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి తియ్యగా 'కోవిడ్ వల్ల ఇళ్లలోకి ఎవరినీ పంపడం లేదండీ, మీ భద్రత కోసమే' అంది. భద్రతేం భద్రత! బయట సున్నా డిగ్రీలు, లోపల నేను, మా ఆవిడ, ఆరేళ్ల పిల్ల.

ఆ మధ్యాహ్నం సెకండియర్ వాళ్లకి రివిజన్ క్లాసు. పాఠం ఏమిటనుకున్నావ్, హీట్ ట్రాన్స్‌ఫర్! ఓవర్ కోటు, మెడకి మఫ్లర్, మా నాన్నగారు పంపిన మంకీ క్యాప్ పెట్టుకుని, వేళ్లు కొంకర్లు పోతుంటే టాబ్లెట్ మీద సమీకరణాలు రాస్తున్నాను. కెమెరాలు అన్నీ ఆఫ్, ఎనభై నల్ల డబ్బాలు. చాట్‌లో ఒక కుర్రాడు 'సార్, మీ సరిహద్దు షరతులు బాగున్నట్టు లేవు' అని ఆ పాఠంలోని మాటతోనే (బౌండరీ కండిషన్స్) పెట్టాడు. ఆ టర్మ్ మొత్తంలో ఒక విద్యార్థి తనంతట తాను మాట్లాడింది అదొక్కటే.

గ్యాస్, నీళ్లు, హీటింగ్ బాగు చేయించాల్సింది ఇంటి ఓనరే అని 1985 నాటి చట్టం, పదకొండో సెక్షన్. రిపేర్లకి మనుషులు ఇళ్లలోకి రావచ్చని లాక్‌డౌన్ రూల్స్‌లోనే ఉంది. ఇవన్నీ రాసి మెయిల్ కొట్టి, కౌన్సిల్ వాళ్ల ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌కి కాపీ పెట్టాను. అప్పుడు కదిలారు. ఇంజినీరు 22న వచ్చి పంపు పోయింది, కొత్తది జనవరిలోనే వస్తుందన్నాడు. ఏజెంట్ రెండు ఫ్యాన్ హీటర్లు ఇచ్చి ఆఫీసుకి తాళం వేసి పోయాడు. ఆ హీటర్ల కరెంటు బిల్లు ఎవరు కట్టారో వేరే చెప్పాలా? అడిగితే 'అద్దెలో తగ్గిస్తాం' అన్నారు. ఇప్పటికీ తగ్గిస్తూనే ఉన్నారు.

కోవెంట్రీ – 10 డిసెంబర్

బాబాయ్, పందెం. అది పంపు కాదు, కండెన్సేట్ పైపు గడ్డకట్టి ఉంటుంది. బాయిలర్ నుంచి గోడ దాటి బయటికి వచ్చే సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. గట్టి చలి పడితే అందులో నీళ్లు బిగుసుకుపోయి బాయిలర్ ఆగిపోతుంది. గోరువెచ్చని నీళ్లు పోసి రీసెట్ నొక్కితే అయిపోయేది. మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, పగులుతుంది.

లెస్టర్ బాబాయ్ – 10 డిసెంబర్

నేను మెకానికల్ ప్రొఫెసర్నిరా నాయనా. పైపు చూడకుండా ఉంటానా?

కోవెంట్రీ – 10 డిసెంబర్

మెకానికల్ ప్రొఫెసర్లకే ఎక్కువ అవుతుంది ఇలా :)

కొత్తబ్బాయికి: ఇంటి డిపాజిట్ ఎంత ఇచ్చావు, దాన్ని డిపాజిట్ రక్షణ స్కీమ్‌లో పెట్టారా లేదా చూసుకో. ఊరికి వెళ్లడం మీద నాదీ అక్క మాటే. ఈ ఏడాది ఏప్రిల్ 23న ఇండియాని రెడ్ లిస్టులో పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తిరిగొచ్చి హీత్రూ దగ్గర హోటల్లో పది రోజుల క్వారంటైన్‌కి 1,750 పౌండ్లు కట్టాను. కిటికీ తెరుచుకోదు. మూడు పూటలా తలుపు బయట కాగితం సంచీలో చల్లారిన అన్నం. ఆగస్టు 8 దాకా మనల్ని ఆ లిస్టులోంచి తీయలేదు. ఇప్పుడు అందులో ఆఫ్రికా దేశాలున్నాయి. రాత్రికి రాత్రి ఏ దేశం చేరుతుందో ఎవడు చూశాడు?

లెస్టర్ బాబాయ్ – 10 డిసెంబర్

డిపాజిట్ ఆరు వారాల అద్దె, అది రూలు. నేనూ అంతే ఇచ్చాను.

మాంచెస్టర్ అక్క – 10 డిసెంబర్

బాబాయ్ గారూ, మీ కాలంలో మాట అది. జూన్ 2019 నుంచి ఇంగ్లండ్‌లో ఐదు వారాలు మించి తీసుకోకూడదు. ఏడాది అద్దె 50,000 పౌండ్లు దాటితేనే ఆరు. నెలకు 650 అద్దయితే డిపాజిట్ 750. డబ్బు తీసుకున్న 30 రోజుల లోపు స్కీమ్‌లో పెట్టి కాగితం ఇవ్వాలి. తమ్ముడూ, నువ్వు నవంబర్లో చేరావు కాబట్టి గడువు దగ్గరపడింది, ఈమధ్య వచ్చిన మెయిల్స్ వెతుకు.

ఎడిన్‌బరో మాస్టారు – 10 డిసెంబర్

ఇవన్నీ ఇంగ్లండ్ సంగతులని గమనించాలి. మా స్కాట్లాండ్‌లో డిపాజిట్ రెండు నెలల అద్దె దాకా తీసుకోవచ్చు, 30 పనిదినాల గడువు. పార్టీల విషయంలోనూ మా వాళ్లు నిన్న సూటిగానే చెప్పారు, ఆఫీసు క్రిస్మస్ పార్టీలు వాయిదా వేసుకోండని. మీ వాళ్లేమో ఇంటి నుంచి పని చేయండి, పార్టీలకు మాత్రం వెళ్లొచ్చు అంటారు. పోయినేడు ఆంక్షల మధ్య డిసెంబర్ 18న ప్రధాని ఆఫీసున్న డౌనింగ్ స్ట్రీట్‌లో జరిగిన పార్టీ గొడవ ఈ వారం టీవీలో చూస్తున్నాం కాబట్టి ఆశ్చర్యం లేదు.

చర్చికి వెళ్తే మాస్కు తప్పనిసరి, ఇవాళ్టి నుంచి మీ ఇంగ్లండ్‌లోనూ. పాడేటప్పుడు మాత్రం తీయవచ్చట. పాడుతున్నానని చెప్పి సూపర్‌మార్కెట్‌లో మాస్కు తీస్తే కుదురుతుందా అని విలేకరులు అడిగారు కూడా!

మరో విషయం. 1 నుంచి 3 దాకా 58 యూనివర్సిటీల్లో సమ్మె జరిగింది. కొత్తబ్బాయి పాల్గొన్నాడో లేదో రాయలేదు. వీసా పోతుందని భయపెట్టేవాళ్లు ఉంటారు. చట్టబద్ధమైన సమ్మె వల్ల వీసాకి ఏమీ కాదు.

కోవెంట్రీ – 11 డిసెంబర్

వీసాకి కాదు సరే, ప్రొబేషన్‌కి? మూడు రోజుల జీతం పోగొట్టుకుని కొత్త పిల్లాడు ఏం సాధిస్తాడు, మాస్టారూ?

ఎడిన్‌బరో మాస్టారు – 11 డిసెంబర్

అతని పెన్షన్ కోసమే ఆ సమ్మె. మనిద్దరం 2018 సమ్మె అప్పుడే ఈ వాదన చేసుకున్నాం. అప్పుడూ మీరు ఇదే అన్నారు, ఆ సమ్మెతో పెన్షన్ కోత ప్రతిపాదన వెనక్కి తగ్గిన లాభం మీరూ పొందారు.

కోవెంట్రీ – 11 డిసెంబర్

పొందలేదని ఎప్పుడన్నాను?

మాంచెస్టర్ అక్క – 11 డిసెంబర్

మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకోండి, పిల్లాడు లంచ్ గురించి అడిగాడు.

తమ్ముడూ, ఇష్టమైతేనే అంటే ఇష్టమైతేనే. అటెండెన్స్ వేయరు. కానీ రానంటే ముందే రెండు లైన్ల మెయిల్ పెట్టు, కారణం రాయక్కర్లేదు. ఎందుకంటే సీటుకి ఇంతని డిపార్ట్‌మెంట్ సెక్రటరీ ముందే కట్టి ఉంటుంది. ఇక్కడ డిపార్ట్‌మెంట్ లంచ్ అంటే ఎవరి బిల్లు వాళ్లదే, హెడ్ పెడుతున్నారనుకోవద్దు. మెనూ కూడా ముందే టిక్కు పెట్టి పంపాలి. టర్కీ తినకపోతే నట్ రోస్ట్ అని ఒకటి ఉంటుంది, జీడిపప్పు పొడిని రాయిగా మార్చినట్టు ఉంటుంది, గ్రేవీ ఎక్కువ పోసుకో. క్రాకర్ (టపాకాయ కాదు, కాగితం గొట్టం) చెరోవైపు లాగితే కాగితం కిరీటం వస్తుంది. ప్రొఫెసర్లు కూడా పెట్టుకుని కూర్చుంటారు, నువ్వూ పెట్టుకో. సీక్రెట్ సాంటా (పేరు చెప్పకుండా ఒకరికొకరు ఇచ్చే కానుక) ఉంటే 5 పౌండ్లు అంటే 5 పౌండ్లే, ఇండియా నుంచి తెచ్చిన పట్టు శాలువా ఇచ్చి అందర్నీ ఇబ్బంది పెట్టకు.

నన్నడిగితే ఈ ఏడాది వెళ్లకు. మూడు గంటలు మూసిన హాల్లో, తినేటప్పుడు మాస్కులుండవు. ఒమిక్రాన్ సోకిందని అనుమానమున్న మనిషి పక్కన కూర్చున్నావని ఫోన్ వస్తే రెండు డోసులు వేసుకున్నా పది రోజులు ఇంట్లోనే.

లెస్టర్ బాబాయ్ – 11 డిసెంబర్

నేను వెళ్లమంటాను. పొద్దున లాటరల్ ఫ్లో (ఇంట్లో చేసుకునే కోవిడ్ టెస్టు) చేసుకో, కిటికీ పక్కన కూర్చో, పుడ్డింగ్ రాగానే లేచొచ్చెయ్. ఏ మీటింగ్‌లోనూ తెలియని సంగతులు అక్కడే తెలుస్తాయి. వచ్చే ఏడాది అడ్మిషన్స్ ట్యూటర్ పని ఎవరి నెత్తిన పడబోతోందో నేను నట్ రోస్ట్ తింటూనే విన్నాను. మర్నాడే వేరే చిన్న కమిటీ అడిగి తీసుకుని తప్పించుకున్నాను.

ఇంకో మాట, డిసెంబర్ జీతం చాలాచోట్ల క్రిస్మస్‌కి ముందే వేసేస్తారు. పండగ బోనస్ అనుకుని ఖర్చు పెట్టేవు, జనవరి జీతం జనవరి ఆఖర్లోనే. ఐదారు వారాలు లాగాలి. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ చేసుకున్నావా? కౌన్సిల్ టాక్స్ బిల్లు పట్టుకెళ్లు, లేకపోతే చేర్చుకోరు.

మాంచెస్టర్ అక్క – 12 డిసెంబర్

జీపీకి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు బాబాయ్ గారూ. రిసెప్షన్‌లో అడుగుతారు, లేదని చెప్పొచ్చు. ఆ కారణంతో తిప్పి పంపకూడదని ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ వాళ్లే రాశారు. ఇవాళ రాత్రి ప్రకటన చూశారా, పెద్దలందరికీ ఈ నెలాఖరు లోపు బూస్టర్ అట. రెండో డోసు అయి మూడు నెలలైతే చాలు. తమ్ముడూ, ఇండియాలో వేసుకున్న టీకాల కొవిన్ సర్టిఫికెట్ ప్రింట్ తీసుకుని వెళ్లు.

గుంటూరు కొత్తబ్బాయి – 14 డిసెంబర్

అందరికీ థాంక్స్. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను, అక్క చెప్పినట్టే ఒక్క లైన్‌లో కుదరదన్నారు. సెలవు పెట్టి వెళ్లే ఆలోచన కూడా మానుకున్నాను, అమ్మకి చెప్పాను, రెండు రోజులు మాట్లాడలేదు. లంచ్ విషయంలో మీరెవరూ గొడవపడక్కర్లేదు, హెడ్డే రద్దు చేశారు. బదులు 16న టీమ్స్‌లో క్విజ్ అట, క్రిస్మస్ జంపర్ (స్వెటర్) వేసుకుని రావాలట. కట్టిన 10 పౌండ్లు హోటల్ వాళ్లు తిరిగి ఇవ్వరట. నిన్న లాటరల్ ఫ్లో కిట్లు ఆర్డర్ చేద్దామంటే సైట్‌లో అయిపోయాయని వచ్చింది, మందుల షాపులో ఒక డబ్బా దొరికింది. డిపాజిట్ కాగితం స్పామ్‌లో ఉంది.

బాబాయ్ గారూ, బాయిలర్ మీద స్టిక్కర్ చూశాను. చివరి సర్వీస్ 2019.

లెస్టర్ బాబాయ్ – 14 డిసెంబర్

మెయిల్! ఇప్పుడే! గ్యాస్ సేఫ్టీ చెక్ ఏటా చేయించాలి, దాని సర్టిఫికెట్ నువ్వు ఇంట్లో దిగకముందే చేతికి ఇవ్వాలి. అది కూడా అడుగు, కాపీ నాకు పెట్టు, నేను చూస్తాను.

మాంచెస్టర్ అక్క – 14 డిసెంబర్

క్రిస్మస్‌కి మా ఇంటికి రా తమ్ముడూ. మేం చర్చికి వెళ్లేవాళ్లం కాదు గానీ పక్క వీధిలో తెనాలి వాళ్లున్నారు, వాళ్లతో వెళ్దువు. 25న రైళ్లు నడవవు, 24న కూడా సాయంత్రానికే పలచబడిపోతాయి, కాబట్టి 24 మధ్యాహ్నం బండి పట్టుకో. వచ్చే ముందు టెస్టు చేసుకో, మా అత్తగారు ఉన్నారు. 26న కూడా చాలా లైన్లలో బండ్లు ఉండవు. సోమ, మంగళ ఎలాగూ సెలవే, 27న వెళ్దువు. దుప్పట్లు ఉన్నాయి, మోసుకురాకు.