గుత్తిలో పైకోట సరే, ఊరి గోడ చూడాలంటే ఎటునుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (అనంతపురం వాసి):
ఒక్క రోజులో గుత్తి చూసి రావాలనుంది. వీడియోల్లో అందరూ పైకోట ఎక్కి, ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు గద్దె చూపించి దిగేస్తున్నారు. నాకు కావలసింది పాత ఊరిని కాపాడిన కింది గోడ. దాన్ని ఎలా పోల్చుకోవాలి? రాయిని చూసి కాలం చెప్పొచ్చా?

జవాబు (కోటల బాట):
ఊరి చుట్టూ ఒకే వరుసలో గోడ ఉంటుందనుకుని వెతికితే దొరకదు. గుత్తికి గుట్టలే గోడ. చుట్టూ గుట్టలు, నడుమ చదును, ఆ చదునులో ఊరు. గుట్టకీ గుట్టకీ మధ్య పల్లంగా ఉన్నచోట రాతిగోడ కట్టి మూశారు. పెద్ద దారులు రెండే ఉండేవి, రెండింటికీ కోటవాకిళ్లు. అవి కాక గుట్టల మీదుగా రెండు కాలిదారులు. ఉత్తరాన నున్నటి పెద్ద బండ మీద ఉన్నదే పైకోట.

అందుకే ముందు సగం కొండ ఎక్కి వెనక్కి తిరిగి చూడండి. ఏ గుట్ట దేనితో కలుస్తుందో, గోడ ఎక్కడ మొదలై ఏ బండకు ఆనుకుని ఆగుతుందో అక్కడినుంచి తెలిసినట్టు కిందినుంచి తెలియదు. ఫోన్‌లో ఫొటో తీసుకుని దిగండి, దాన్నిబట్టి గోడ వెంట నడవండి. పైదాకా వెళ్లాలంటే మైదానం నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు, దారిలో వరసగా వాకిళ్లు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, తెల్లవారేసరికి కొండ కింద ఉండటం తప్పనిసరి. పది దాటితే బండ సెగ కొడుతుంది. వాన పడిన రోజు వద్దే వద్దు, పరుపుబండ మీద చెప్పు నిలవదు.

జవాబు (ఉలిదెబ్బ):
రాయి గురించి. విజయనగర కాలపు పనిలో పెద్ద రాళ్లను సున్నం లేకుండా ఒకదానికొకటి ఒరిపించి పేరుస్తారు. రాయి వెడల్పు ముఖం బయటికి, సన్నటి తోక లోపలికి. ఆ తోకల మధ్య మట్టి, గులకరాళ్లు దట్టిస్తారు. రాయి అంచున వరసగా చిన్న గుంటలు కనిపిస్తే అవి మేకులు దిగ్గొట్టి బండను చీల్చిన గుర్తులు. గోడ పైభాగంలో ఇటుక, సున్నంతో కట్టిన పిట్టగోడ, దానికి తుపాకీ రంధ్రాలు ఉంటే అది తర్వాతి కాలంలో వేసిన పొర. ఒకే గోడకు ఒకే తేదీ వేయకండి.

ఇలాంటి గోడ కూలేది బయటినుంచి కాదు. రావిమొక్క వేరు సందులోకి దూరుతుంది, ఆ సందులో వాననీళ్లు దిగి లోపలి మట్టి కొట్టుకుపోతుంది, ముఖపు రాళ్లు పట్టు తప్పి గోడ కడుపు ఉబ్బుతుంది. ఉబ్బు కనిపించిన చోట కింద నిలబడొద్దు, పైన నడవొద్దు. మొక్కే కదా అని పీకొద్దు కూడా, వేరుతో పాటు రాయీ వస్తుంది.

జవాబు (సీమ చరిత్ర):
కింది గోడ ఎందుకు ముఖ్యమో 1776 చెబుతుంది. హైదర్ అలీ ముట్టడిలో ముందు కింది ఊరు పడింది. జనమంతా పైకోటకు చేరారు. పైన నీళ్లంటే ఎక్కువగా బండల మధ్య దోనల్లో నిలిచే వాననీళ్లు. అన్ని నోళ్లకు అవి చాలలేదు, మురారిరావు లొంగిపోయాడు. పైకోటను ఫిరంగి గెలవలేదు, దాహం గెలిచింది. గోడ వెంట నడిచి వచ్చాక పైన దోనలు చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది.

పైన పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలపు శాసనాలున్నాయి. అక్షరాలు కనబడటానికి సుద్ద పూయడం, నీళ్లు పోసి రుద్దడం చేయకండి. పొద్దుటి ఏటవాలు వెలుగులో అవే తేలతాయి. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం, పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

దిగాక ఓపికుంటే కొండ కింది తెల్లదొరల సమాధుల తోటకు వెళ్లండి. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పూడ్చింది అక్కడే, తర్వాత మద్రాసుకు మార్చారు.

ప్రశ్న అడిగినవారు:
రైల్లో వస్తే?

జవాబు (కోటల బాట):
గుత్తి జంక్షన్ ఊరికి దూరం, ఆటో కావాలి. అనంతపురం నుంచి బస్సే సులువు, 50 కిలోమీటర్ల చిల్లర.