అప్‌డేట్: వ్యతిరేకత మధ్య కూడిక ప్రార్థన, చివరికి ఏ క్రమం కుదిరిందంటే

మా క్రైస్తవ కూడికకు వ్యతిరేకత మొదలైనప్పటి నుంచి అందులో ప్రార్థన ఫిర్యాదుల చిట్టాలా తయారవుతోంది, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

పనిచేసింది బైబిల్లో అపొస్తలుల కార్యములు 4:24-30లో, బెదిరింపులు ఎదురైన తొలి విశ్వాసులు చేసిన ప్రార్థన వరుసను పట్టుకోమన్న సలహా. అక్కడ మొదట సృష్టికర్తకు స్తుతి, తర్వాత రెండో కీర్తన, ఆ తర్వాతే హేరోదు, పొంతి పిలాతుల పేర్లు. బెదిరింపుల మాట 29వ వచనం దాకా రాదు. వచ్చాక కూడా వాటిని ఆపమని అడగరు, ధైర్యంగా వాక్యం చెప్పే శక్తి ఇమ్మంటారు. మేమూ అలాగే స్తుతి, కీర్తన పఠనం, ఒక్క వాక్యంలో సమస్య, ఆపై మనవి. ఆ ఒక్క వాక్యం సాగిందంటే చిట్టా మళ్లీ మొదలైనట్టే. నడిపించేవారు అక్కడే అందుకోవాలి.

నెహెమ్యా 4:9 చూడమన్నవారి మాటా నిజమే: యెరూషలేము గోడ కట్టేవాళ్లు శత్రువుల గురించి ప్రార్థన చేశారు, కావలి కూడా పెట్టారు. బెదిరింపు వచ్చిన తేదీ, అన్న మాటలు రాసిపెట్టుకోవడం ఈ కావలి కిందికే వస్తుంది.

ఉపవాసం ఎన్ని రోజులు, ప్రార్థన బిగ్గరగానా మెల్లగానా అన్న చర్చతో ఏ తేడా రాలేదు. వ్యతిరేకులను పేరుపెట్టి శపించే ప్రార్థనను మత్తయి 5:44 (శత్రువులను ప్రేమించండి, హింసించేవారి కోసం ప్రార్థించండి) చూసి పక్కనపెట్టాం. వ్యతిరేకత ఇంకా ఉంది; జంకి మానేసినవాళ్లు మాత్రం తిరిగి వస్తున్నారు.