క్లేర్ 1828: ఓకానెల్ గెలిచాడు సరే, ఆయన్ని గెలిపించిన కౌలుదార్ల సంగతేంటి?

ఎన్నిస్_శ్రీను:
నేనుండేది ఐర్లండ్‌లో, క్లేర్ కౌంటీలోని ఎన్నిస్ ఊళ్లో. ఊరి నడిమధ్యలో పెద్ద స్తంభం, దాని మీద క్యాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన నాయకుడు డేనియల్ ఓకానెల్ విగ్రహం. 1828 ఎన్నిక జరిగిన పాత కోర్టు ఉన్న చోటే అది. రోజూ దాని కిందుగా ఆఫీసుకు పోతూ ఉంటే ఒక ప్రశ్న తొలుస్తోంది.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. బ్రిటిష్ పార్లమెంటులో క్లేర్ 1801 నుంచి 1885 దాకా ఒకే నియోజకవర్గం, రెండు సీట్లు. 1828లో అక్కడి ఎంపీ వీసీ ఫిట్జెరాల్డ్‌కు మంత్రి పదవి వచ్చింది. అప్పటి రూలు ప్రకారం మంత్రి అయితే మళ్లీ జనం ముందుకెళ్లి గెలవాలి. ఓకానెల్ ఆయన మీద పోటీకి దిగాడు. క్యాథలిక్కులు సభలో కూర్చోవాలంటే తమ మతాన్నే కాదనే ప్రమాణం చేయాలి, కాబట్టి కూర్చోలేరు. కానీ పోటీ చేయొద్దని ఏ చట్టమూ లేదు! ఐదు రోజుల పోలింగ్. ఓకానెల్‌కు 2057, ఫిట్జెరాల్డ్‌కు 982.

ప్రభుత్వం బెదిరిపోయి 1829 ఏప్రిల్ 13న క్యాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరిచింది. అదే రోజు ఇంకో చట్టం కూడా వచ్చింది. ఐర్లండ్ కౌంటీల్లో 40 షిల్లింగుల ఓటర్లకు, అంటే కౌలు పోను ఏడాదికి ఆపాటి మిగిలే చిన్న కౌలుదార్లకు, ఓటు తీసేశారు. ఇక 10 పౌండ్లు మిగిలితేనే ఓటు. సుమారు 2,16,000 మంది ఓటర్లు 37,000కు పడిపోయారు.

ఓకానెల్‌ను గెలిపించింది ఎక్కువగా ఆ చిన్నోళ్లే. ఇది ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నట్టు లేదూ?

పాతపుటలు:
శ్రీను గారూ, సామెత బాగుంది కానీ మల్లయ్యను మోసం చేసింది ఎవరో చూడండి. ఆ చట్టం తెచ్చింది ప్రధాని వెల్లింగ్టన్, హోం మంత్రి పీల్. (ఈ వెల్లింగ్టన్ ఎవరో కాదు, 1799లో నిజాం సైన్యాన్ని కూడా వెంటేసుకుని శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన ఆర్థర్ వెల్లెస్లీయే.) రాజుకు ఇష్టం లేదు, ప్రభువుల సభకు అసలే ఇష్టం లేదు. వాళ్లను ఒప్పించడానికి ఏదో ఒకటి కోత పెట్టాలి, పేదోడి ఓటు కోసేశారు. అప్పటికి ఓకానెల్ సభలో కూర్చోలేదు కూడా. బయట నిలబడి వద్దన్నాడు. ఇంకేం చేస్తాడు?

ఇంకో మాట. ఆ ఓట్లు పుట్టిందే దొరల కోసం. 1793లో క్యాథలిక్కులకు ఓటు వచ్చాక భూస్వాములు కమతాలను ముక్కలు చేసి, జీవితకాలపు కౌళ్లు రాసిచ్చి, కౌలు పోను ఏడాదికి 40 షిల్లింగులు, అంటే రెండు పౌండ్లు, మిగులుతుందనిపించి ఓటర్లను తయారు చేసుకున్నారు. ఎన్నికల రోజున దొర మనిషి వాళ్లను మందలా తోలుకెళ్లేవాడు. ఓటు కౌలుదారుడిది, నోరు దొరది.

కౌలుబిడ్డ:
అన్నా, మీరు చెప్పిందే నా వాదన! దొర చెప్పినట్టు వేసినన్నాళ్లూ ఆ ఓటు ఎవరికీ తప్పనిపించలేదు. 1826లో వాటర్‌ఫర్డ్‌లో బెరెస్‌ఫర్డ్ అనే దొరల కుటుంబానికి ఎదురు తిరిగారు, 1828లో క్లేర్‌లో తిరిగారు. అంతే, ‘వీళ్లు చదువు లేనివాళ్లు, సొంత ఆలోచన లేనివాళ్లు’ అని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో రహస్య ఓటు లేదు, అది 1872లో గానీ రాలేదు. బల్ల ముందు నిలబడి పేరు పైకి చెప్పాలి. దొర గుమాస్తా పక్కనే వింటుంటాడు. కౌలు బకాయి లేని ఇల్లు ఎక్కడుంది? ఆ భయం గుండెల్లో పెట్టుకుని డ్రోమోలండ్ దొర సర్ ఎడ్వర్డ్ ఓబ్రయన్ కౌలుదార్లు కూడా ఆయన్ని కాదని ఓకానెల్ వైపు పోయారు. నాకైతే ఆ కోర్టు మెట్లే ఈ కథకు ఆయువుపట్టు.

ఓకానెల్ చేతులు శుభ్రం అనకండి. 1825లోనే ఒక క్యాథలిక్ బిల్లు కోసం ఇదే ఓటు కోతకు ఆయన సరేనన్నాడు. ఆ బిల్లు ప్రభువుల సభలో పోయింది కాబట్టి బతికిపోయాం. క్లేర్ గెలిచాక ఇక ఒప్పుకోను అన్నాడు. 1829లో నిరసన తెలిపాడు, నిజమే. కానీ తన క్యాథలిక్ సంఘానికి నెలకు పెన్నీ చొప్పున చందా ఇచ్చిన లక్షల మందిని దీనికోసం ఒక్కసారైనా కదిలించాడా?

లిమెరిక్‌_లక్ష్మి:
మీరిద్దరూ ఫాదర్లను వదిలేశారు. దూరాన ఉన్న లీట్రిమ్ నుంచి ఫాదర్ మగ్వైర్ దిగాడు, ఊరూరా ఫాదర్లు ముందు నడిస్తే జనం వెనక నడిచారు. మందు ముట్టొద్దన్నారు, ముట్టలేదు. అన్ని వేలమంది ఊళ్లోకొచ్చి గొడవల్లేకుండా పోయారు, ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకున్నది అందుకే. కానీ అది కౌలుదారుడి సొంత ఓటేనా? దొర చెయ్యి వదిలి ఫాదర్ చెయ్యి పట్టుకున్నాడు, అంతేనేమో.

ఫిట్జెరాల్డ్ మీద నాకు కొంచెం జాలి కూడా. ఆయన క్యాథలిక్కులకు హక్కులివ్వాలన్న మనిషే. వాళ్ల నాన్న 1799లో, ఐరిష్ పార్లమెంటును లండన్ పార్లమెంటులో కలపాలన్న ప్రతిపాదనను వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నాడు. మంచి మంత్రి, చెడ్డ టైం.

కౌలుబిడ్డ:
లక్ష్మి గారూ, ఫాదర్ ఇల్లు ఖాళీ చేయించలేడు, దొర చేయించగలడు. రెండూ ఒకటెలా అవుతాయండీ? ఖాళీ చేయించే శక్తి ఉన్నవాణ్ణి కాదని ఓటేస్తే అది సొంత ఓటే.

అసలు దెబ్బ తర్వాత పడింది. ఓటు లేని చిన్న కౌలుదారుడితో దొరకు పనేముంది? జీవితకాలపు కౌళ్లు తగ్గాయి. 1840ల చివర్లో, కరవు రోజుల్లో, ఇదే క్లేర్‌లో కిల్‌రష్ చుట్టుపక్కల ఇళ్లు కూల్చి జనాన్ని రోడ్డున పడేశారు. దాని వేరు 1829లో ఉంది.

పాతపుటలు:
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ధాన్యం ధరలు పడిపోయాయి. పంటకన్నా పశువుల మేతకే లాభం, అది మనుషులకు నష్టం. చిన్న కమతాలను కలిపేయాలని దొరలు అప్పుడే మొదలెట్టారు. కౌలుకు తీసుకున్న భూమిని మళ్లీ కౌలుకివ్వకుండా 1826లోనే చట్టం తెచ్చారు. ఓటు ఉన్నా ఆ వరద ఆగేది కాదు. మహా అయితే ఒక చిన్న గట్టు తెగిందనండి, ఏరే అక్కడ పుట్టిందనకండి.

కౌలుబిడ్డ:
గట్టు తెగిందని ఒప్పుకున్నారు కదా, ఇవాళ్టికి అది చాలు 🙂

ఎన్నిస్_శ్రీను:
బోడిమల్లయ్య సామెత సగం వెనక్కి తీసుకుంటున్నా. ఓటు తీసింది ఆయన కాదు. 1825 సంగతి విన్నాక మిగతా సగం తీసుకోబుద్ధి కావట్లేదు.

నిన్న చదివిన ఇంకో సంగతి. కొత్త చట్టం పాత ఎన్నికకు వర్తించదన్నారు. 1829 మేలో ఓకానెల్ సభకు వెళ్తే పాత ప్రమాణమే చేయమన్నారు, చేయనన్నాడు. సీటు ఖాళీ చేసి మళ్లీ ఎన్నిక పెట్టారు. జూలైలో ఎన్నిస్‌లో ఆయన మీద ఎవరూ నిలబడలేదు, పోలింగే జరగలేదు. జరిగినా, ఏడాది కిందట ఆయన పేరు పైకి చెప్పిన వాళ్లలో చాలామందికి అప్పటికి ఓటు లేదు. మరుసటి ఏడు సార్వత్రిక ఎన్నికల్లో ఆయన క్లేర్ వదిలి వాటర్‌ఫర్డ్‌కు వెళ్లిపోయాడు.

పాతపుటలు:
వాటర్‌ఫర్డ్‌కు ఎందుకు వెళ్లాడన్నది వేరే చర్చ. మొదలెట్టండి, వస్తా.