తల్లిపాల ప్రచారం తల్లిని ఎలా చూపిస్తోంది?

గోదారి గట్టు:
ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే ఆసుపత్రి గోడల మీద అదే పోస్టరు: పట్టుచీర, తలలో మల్లెలు, నవ్వుమొహంతో బిడ్డకు పాలిస్తున్న తల్లి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొదలుపెట్టిన కార్యక్రమానికి ‘మా’ అని పేరు పెట్టారు. విడదీస్తే ‘మదర్స్ అబ్సల్యూట్ అఫెక్షన్’, అంటే తల్లి సంపూర్ణ ప్రేమ. పాలను ప్రేమకు కొలతగా పెట్టాక, పాలు చాలని బాలింతకు ప్రేమ కూడా చాలలేదనే అర్థం దానంతటదే వస్తుంది. నాది సిజేరియన్ కాన్పు. చేతికి సెలైన్ సూది, కుట్ల నొప్పికి పక్కకు ఒత్తిగిల్లలేని స్థితి. బిడ్డను నా దగ్గరకు తెచ్చేసరికి నాలుగు గంటలు దాటింది. ఎదుటి గోడ మీద ‘పుట్టిన గంటలోపే తల్లిపాలు’ అన్న రాత. ఆ గంటను పోగొట్టింది నేనేనేమోనని ఏడ్చాను.

పల్లె నర్సు:
మీ బాధను కాదనను, కానీ ప్రచారాన్నే తప్పుపడితే ఒప్పుకోలేను. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించి, బిడ్డకు తేనె నాకించే పెద్దవాళ్ళను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళకు ఎదురు చెప్పలేని బాలింతకు ఆ గోడమీది బొమ్మే దిక్కు. డబ్బాపాల ప్రకటనలను నిషేధించి, డబ్బా మీద చంటిబిడ్డ బొమ్మ కూడా వేయరాదన్న 1992 చట్టం ఊరికే రాలేదు కదా.

గోదారి గట్టు:
ముర్రుపాల విషయంలో మీతో వాదన లేదండీ. ఆ బొమ్మలో తల్లి ఒక్కతే ఉండటమే నా అభ్యంతరం. అత్తగారికి చెప్పవలసిన మాట కూడా కోడలికే చెబుతున్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. కోత నిర్ణయించేది ఒకరు, బిడ్డను వేరే గదిలో ఉంచేది మరొకరు, గంట దాటితే జవాబుదారీ మాత్రం బాలింత. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇమ్మంది. పత్తి ఏరే కూలికి ఆ విరామం ఇచ్చే ఆసామి ఎక్కడున్నాడు? ఆ మాట ఏ పోస్టరు మీదా నాకు కనబడలేదు.

పల్లె నర్సు:
అది నిజమే. సిజేరియన్ అయినా బిడ్డను త్వరగా తల్లి రొమ్ముకు చేర్చడం సిబ్బంది పని అని పోస్టరు పక్కన రాసి పెడదామని నేనొకసారి అడిగితే, పైవారు నవ్వి ఊరుకున్నారు. కుట్లకు ఒత్తిడి తగలకుండా, బిడ్డను చంక కిందుగా పట్టుకొని పాలివ్వడం నేర్పాలంటే ఒక్కొక్క తల్లి దగ్గర అరగంట కూర్చోవాలి. రాత్రి డ్యూటీలో నలభై మంచాలకు ఇద్దరమే ఉంటాం.