‘సాధారణ నష్టం’ అనడం కంటే ‘తరుగు’ అనడమే సరి

సభ్యులకు నమస్కారం. కాస్ట్ అకౌంటింగు (సరుకు తయారీకి అయ్యే ఖర్చును లెక్కకట్టే శాస్త్రం) పాఠాలను తెలుగులోకి తెస్తున్న మిత్రురాలు ఒకరు ‘నార్మల్ లాస్’ (పనిలో తప్పనిసరిగా తగ్గే సరుకు), ‘ల్యాండెడ్ కాస్ట్’ (సరుకు మన దగ్గరికి చేరేసరికి అయ్యే మొత్తం ఖర్చు) అనే మాటలకు తగిన తెలుగు ఏదని అడిగారు. మొదటిదానికి ‘సాధారణ నష్టం’ అనీ, రెండవదానికి ‘దిగుమతి వ్యయం’ అనీ సమాధానాలు వచ్చాయి. ఈ రెండూ అర్థాన్ని చెడగొడతాయని నా నమ్మకం. గోదావరి డెల్టాలో ధాన్యం, బియ్యం వ్యాపారం చేసేవారు ఈ భావాలకు వాడే మాటలు మనకు ఉండనే ఉన్నాయి: ఒకటి ‘తరుగు’, రెండవది ‘పడిన ధర’.

పని స్వభావం వల్ల, ఎంత జాగ్రత్త పడినా తప్పకుండా తగ్గేదీ, ఎంత తగ్గుతుందో ముందే అంచనా కట్టగలిగేదీ నార్మల్ లాస్. దానిని లాభనష్టాల ఖాతాకు తీసుకుపోరు. ఆ ఖర్చును మిగిలిన మంచి సరుకే మోస్తుంది. అంచనాకు మించి పోయినది మాత్రం అబ్‌నార్మల్ లాస్. దాని విలువను విడదీసి లాభనష్టాల ఖాతాలో చూపుతారు. నష్టం ఖాతాకు ఎన్నడూ పోనిదానికి ‘నష్టం’ అని పేరు పెడితే, విద్యార్థి దానిని తీసుకువెళ్లి ఆ ఖాతాలోనే రాస్తాడు. ఆ తప్పు అతనిది కాదు, మనం ఇచ్చిన పేరుది.

ఒక లెక్క చూడండి. 20 శాతం తేమ ఉన్న ధాన్యం 100 కిలోలు, కిలో 24 రూపాయల చొప్పున కొన్నామనుకుందాం. దానిని 14 శాతం తేమకు ఆరబెడితే సుమారు 93 కిలోలు మిగులుతుంది, ఎందుకంటే అందులోని 80 కిలోల పొడి పదార్థం ఇప్పుడు మొత్తం బరువులో 86 శాతం అవుతుంది. తగ్గిన 7 కిలోలు తరుగు. 2,400 రూపాయలను 93 కిలోలకు పంచితే కిలో సుమారు 25 రూపాయల 80 పైసలు పడుతుంది. అదే ధాన్యం ఆరబోసిన చోట పశువులు పడి తిన్నందువల్ల కాటా మీద 91 కిలోలే తూగితే, ఆ 2 కిలోలు తరుగు కావు, నష్టం. సుమారు 52 రూపాయలు లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి. మిగిలిన 91 కిలోలు కిలో 25 రూపాయల 80 పైసల లెక్కలోనే ఉంటాయి. ‘ఏడు కిలోలు తరుగు పోయింది, రెండు కిలోలు నష్టపోయాం’ అని మిల్లు గుమాస్తా చెబితే, పాఠ్యపుస్తకంలో రెండు పేరాలు తీసుకునే భేదం ఆ ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

తరుగు అంచనా ఏడాది పొడుగునా ఒకటిగా ఉండదన్నది కూడా పాఠంలో చెప్పవలసిన విషయమే. సార్వా (ఖరీఫ్) కోతలు తుపానుల కాలంలో పడతాయి కాబట్టి ధాన్యం పచ్చిగా వస్తుంది. దాళ్వా (రబీ) ధాన్యం ఎండల్లో చేతికి వస్తుంది కాబట్టి తక్కువ తరుగుతుంది. రెండు పంటలకూ ఒకే సగటు శాతం పెట్టుకుంటే, సార్వాలో లేని నష్టం ఉన్నట్టూ, దాళ్వాలో ఉన్న నష్టం లేనట్టూ లెక్కలు కనిపిస్తాయి.

ఊక, తవుడు, నూకలను మాత్రం తరుగులో కలపకూడదు. ప్రభుత్వం మర పట్టించే పచ్చి బియ్యానికి (ధాన్యాన్ని ఉడకబెట్టకుండా పట్టే బియ్యానికి) 100 కిలోల ధాన్యానికి 67 కిలోల బియ్యం ఇవ్వాలన్నది నిబంధన. మిగిలిన 33 కిలోలను తరుగు అని ఎవరూ అనరు. అందులో తవుడు నూనె మిల్లులకు పోతుంది, ఊక బాయిలరుకు పోతుంది. అవి ఉప ఉత్పత్తులు. వాటి మీద వచ్చే రాబడిని బియ్యం ఖర్చులోంచి తీసివేయాలి.

ఇద్దరు సభ్యులు లేవనెత్తిన అభ్యంతరాలు తీసివేయదగినవి కావు. ‘తరుగుదల’ను ఇప్పటికే యంత్రాల విలువ తగ్గుదలకు వాడుతున్నాం గదా, కలగాపులగం కాదా అని ఒకరు అడిగారు. తరుగుదల విలువకు, తరుగు పరిమాణానికి. బంగారం కొట్టులో ‘తరుగు, మజూరీ’ విడివిడిగా అడిగే వారెవరికీ ఈ రెండూ కలిసిపోవు. రెండవ అభ్యంతరం బరువైనది. రైతు నోట తరుగు అంటే కాటా దగ్గర బస్తాకు ఇంతని కొనుగోలుదారు కోసుకునే బరువు, అది వాళ్లకు నిజమైన బాధ. అందుకని పుస్తకంలో దానిని ‘తూకంలో కోత’ అనీ, నిజంగా ఆరిపోయిన దానినే ‘తరుగు’ అనీ రాస్తే మంచిది. కొలిచి తేల్చినదానికీ, మాట మీద కోసుకున్నదానికీ ఒకే పేరు ఉండడం న్యాయం కాదు.

ఇక ల్యాండెడ్ కాస్ట్. ‘దిగుమతి’ అనగానే చదివేవారి మనసు విదేశీ సరుకు మీదికి పోతుంది. మన దగ్గర అడిగేది ‘ఎంతకు కొన్నావు?’ అని ఒకటి, ‘గొడౌనుకు చేరేసరికి ఎంత పడింది?’ అని మరొకటి. కొన్న ధరకు లారీ కిరాయి, హమాలీ, గోనె సంచులు, దారి బీమా కలిపి, చేరిన బరువుకు పంచితే వచ్చేది పడిన ధర. సరఫరా వ్యవస్థ గురించి రాసేటప్పుడు కాకినాడ రేవుకు పోయే బియ్యానికైనా, పక్క ఊరి కొట్టుకు పోయే బస్తాకైనా ఇదే మాట సరిపోతుంది. ఒక్క జాగ్రత్త అవసరం: వ్యాపారులు పడిన ధరలో అప్పు వడ్డీని కూడా కలుపుతారు, కాస్ట్ అకౌంటింగులో సరుకు ఖర్చులో వడ్డీని చేర్చరు. నిర్వచనంలో ఆ మాట స్పష్టంగా రాయాలి.

అనుకున్నదాని కంటే తక్కువ తరిగి, సరుకు ఎక్కువ మిగిలినప్పుడు వచ్చే ‘అబ్‌నార్మల్ గెయిన్’కు మాత్రం నాకు తృప్తినిచ్చే మాట ఇంకా దొరకలేదు, ‘అసాధారణ లాభం’ అంటే అమ్మకంలో వచ్చిన లాభంలా వినిపిస్తుంది. అంబాజీపేట వైపు కొబ్బరి వ్యాపారం తెలిసిన సభ్యులు, ఎండు కొబ్బరి అంచనాకు మించి తూగినప్పుడు అక్కడ ఏమంటారో చెబితే, పాఠంలో ఆ మాటనే పెట్టమని మిత్రురాలికి సూచిస్తాను.